ఉప్పునీటిలో కొలిచిన గడియ

తామ్రకోట రాజసభను కట్టిన శిల్పి ఎవరోగాని, లోపలికి వచ్చిన మనిషిని చిన్నబుచ్చడానికే కట్టాడనిపిస్తుంది. నూట ఎనిమిది స్తంభాలు. ఒక్కో స్తంభం మీద నోరు తెరిచిన సింహం, ప్రతి సింహం నోట్లో దొర్లే పాలరాతి బంతి. పైకప్పులో పొదిగిన కెంపుల మీద ఎండ పడితే నేలంతా దానిమ్మ గింజలు ఆరబోసినట్టు ఉంటుంది. ఆ ఎర్రని వెలుగు నడుమ ఎన్నో పాదాల కింద అరిగిపోయిన నల్లరాయి ఒకటి ఉంది. దాని పేరు వాదశిల. ఆ పొద్దున దాని మీద ఉప్పుమళ్ళ పోలన నిలబడి ఉన్నాడు.

సువర్ణశిల రాజ్యంలో నేరం మీద పడినవాడు తన తరఫున తాను మాట్లాడకూడదు. వాగ్గిరి విద్యాపీఠంలో చదువు ముగించబోయే శిష్యుడొకడు వచ్చి అతని కోసం ప్రసంగించాలి. శిష్యుడికి అదే కడపటి పరీక్ష. నిందితుడికి అదే కడపటి ఆశ. గడువు ఒక్క గడియ. కంచు గంగాళంలో నీళ్ళు పోసి, అడుగున సన్నని చిల్లున్న రాగిగిన్నెను అందులో వదులుతారు. గిన్నె నిండి మునగగానే జేగంట మోగుతుంది. ఆ తరవాత పలికినదంతా గాలి కింద లెక్క. పైగా ఏడాది పొడవునా ఆ శిష్యుడి గొంతు ఆ సభలో వినబడకూడదు. వాదశిల ఎక్కనివాడి మాట వినే అధికారం రాజుకైనా లేదు.

ఆ రోజు సంకెళ్ళలో ఉన్నవాడు పోలన మేనమామ దాలయ్య, ఉప్పుమళ్ళ పెద్ద. చంద్రధార నదిలో ఉప్పు కలిపి, నగరం చుట్టూ ఉన్న పైర్లన్నీ మాడ్చాడని ఆయన మీద నేరం. మోపినవాడు ఆస్థాన మాంత్రికుడు ధూమ్రకేశుడు. పొగలాంటి జడలు, మనిషి ఎత్తు నల్లతుమ్మ చేతికర్ర, ఎప్పుడూ అరమూసిన కళ్ళు. ఉప్పుమళ్ళ కింద పాతాళానికి దారితీసే బిలం ఉంది. ఆ మళ్ళు ఖాళీ అయితే తప్ప ధూమ్రకేశుడికి ఆ బిలం దక్కదు.

అసలు దోషి ఎవరో పోలనకు తెలుసు. మూగవాడి వేషం వేసుకొని గబ్బిలాల కొండ గుహలో మాంత్రికుడి దగ్గర మూడు రోజులు ఊడిగం చేశాడు. మూడో నాటి మధ్యాహ్నం ధూమ్రకేశుడు చేతికర్ర పిడి విప్పి, లోపలి నుంచి బొటనవేలంత నల్లశంఖం తీసి నదిలోకి వంచాడు. శంఖం లోంచి సముద్రమే దూకినట్టు ఉప్పునీరు పారింది. అది చూసి పోలన ఉలిక్కిపడి "అమ్మో" అన్నాడు. మూగవాడు అమ్మో అంటే ఇంకేముంది. గుహ వాకిట ఉన్న రాతి తోడేళ్ళు ఒళ్ళు విరుచుకొని లేచాయి. పోలన పరిగెత్తాడు. ముళ్ళకంపలు చీల్చుకుంటూ కొండ కొమ్ము దాకా వచ్చి, వెనక ఊపిరి తగులుతుంటే కళ్ళు మూసుకొని నదిలోకి దూకాడు. తోడేళ్ళూ దూకాయి గాని, రాయి ఈదలేదు కదా.

అలా ప్రాణాలకు తెగించి తెచ్చిన మాట ఇప్పుడు అతని నాలుక చివర ఉంది. చెప్పడమే తరువాయి.

పోలన గొంతు సవరించుకొని రాజవంశ స్తుతి ఎత్తుకున్నాడు. సూర్యుడి ఏడు గుర్రాలనూ ఒక్కొక్కదాన్నే వర్ణించాడు. ఇంద్రసేన మహారాజు ముత్తాత ధనుస్సును పొగిడాడు, తాత దానాన్ని పొగిడాడు. వెనక బల్లల మీద కూర్చున్న తోటి శిష్యులు, సామంతుల కొడుకులు, తలలు ఊపుతున్నారు. ఉప్పు మోసుకునేవాళ్ళ ఇంటి పిల్లవాడు ఇంత సమాసం పలుకుతాడా అన్న ఆశ్చర్యం వాళ్ళ మొహాల్లో కనిపించింది. పదేళ్ళుగా పోలన ఎదురుచూసిన చూపు అది. అందుకని పైర్ల దుస్థితి వర్ణనను కూడా కొంచెం సాగదీశాడు. అతని లెక్క ప్రకారం గిన్నెకు ఇంకా పావు వంతు మిగిలే ఉంది.

"మహాప్రభూ, ఇక అసలు సంగతికి వస్తాను" అన్నాడు.

జేగంట మోగింది.

పోలన గంగాళం వైపు చూశాడు. నీళ్ళ మీద బుడగలు తప్ప ఏమీ లేవు. కర్రలో శంఖం ఉందని గొంతు చించుకున్నాడు. పక్కనున్న భటులు కూడా అతని వైపు తిరగలేదు. గాలి వీస్తే ఎవరు తిరిగి చూస్తారు?

ఇంద్రసేన మహారాజు చెడ్డవాడు కాడు. "ప్రసంగం బాగుంది నాయనా" అన్నాడు. "కానీ మీ మామ తప్పు చేయలేదని నువ్వు ఎక్కడా అనలేదు."

శిక్ష పడింది. భటులు దాలయ్యను కోట ముంగిట్లోకి నడిపించారు. ధూమ్రకేశుడు కర్ర ఎత్తే లోపల దాలయ్య మేనల్లుడి కోసం వెతికి చూశాడు.

"ఒరే పోలా, బాగా చెప్పావురా" అన్నాడు. "నాకు ఒక్క ముక్క తెలవలేదుగాని, బాగా చెప్పావు. మీ అమ్మ ఉంటే సంతోషపడేది."

కర్ర తగిలింది. పాదాల నుంచి తెలుపు పాకింది. ఆ నవ్వు నవ్వుతున్నట్టే, చేయి సగం ఎత్తినట్టే, దాలయ్య నిలువునా ఉప్పుబొమ్మ అయిపోయాడు. ఉప్పుబొమ్మకు ఎండతో భయం లేదు. వాన పడిందా, మనిషి లేడు. మృగశిర కార్తె రావడానికి పది రోజులుంది.

పోలన వాగ్గిరి ఎక్కి మృగాంకాచార్యుల కాళ్ళ మీద పడ్డాడు. ఆచార్యులు తిట్టలేదు. గిన్నెను ఎక్కడ కొలుచుకున్నావని అడిగారు. ఉప్పుమళ్ళలో అన్నాడు పోలన. నెల ముందే ఆచార్యులు చెప్పి ఉన్నారు: తెల్లవారుజామున సభ తెరిచి ఉంటుంది, అక్కడే, ఆ రాయి మీదే, ఆ గంగాళం పక్కనే చెప్పి చూసుకో, చెప్పవలసింది ముందు చెప్పు, పొగడ్త మిగిలితే చివర పడేయ్ అని. కానీ తడబడుతుంటే తోటివాళ్ళు చూస్తారని పోలనకు సిగ్గు. అందుకే ఊరికి పోయి, ఉప్పు తొట్టిలో గిన్నె వదిలి, కొంగలకు వినిపించేలా నలభైసార్లు వల్లించాడు. నలభైసార్లూ సమయం సరిపోయింది.

ఆచార్యులు కళ్ళు మూసుకున్నారు. "ఉప్పునీళ్ళలో గిన్నె తేలిపోతూ ఉంటుంది. నిదానంగా మునుగుతుంది. కోడిగుడ్డు తేలిన ఎత్తును బట్టి నీటి పదును చెప్పే ఇంట్లో పుట్టావు. ఇది నేను నేర్పాలా?"

చిన్నప్పుడు తొట్టిలో గుడ్డు వదిలి, "చూడరా, చిక్కటి నీళ్ళు దేన్నీ ఓ పట్టాన ముంచవు" అని చూపించింది మామే. మామ కోసం మాట్లాడటానికి పీఠంలోకెల్లా దిట్ట అయిన శిష్యుణ్ణి పంపుతానని ఆచార్యులు అన్నప్పుడు, కాదు నేనే అని పట్టుబట్టింది తనే. ఈ రెండూ ఒకేసారి గుర్తొచ్చి పోలన వెక్కి వెక్కి ఏడ్చాడు.

"ఏడవడానికి తరవాత చాలా కాలం ఉంది" అన్నారు ఆచార్యులు. శిక్ష పడినవాడి సొంత బిడ్డ కోరితే చిట్టిగిన్నె ఇస్తారట. పాతికసార్లు ఊపిరి తీసేలోగా మునిగిపోయే గిన్నె. సభ మళ్ళీ తీరేది తొమ్మిదో నాడు. శంఖం పగిలితే దాని మాయలన్నీ విడిపోతాయి, దాలయ్య మళ్ళీ మనిషవుతాడు. దాలయ్యకు ఒక్కతే కూతురు, పైడి. ముగ్గురు మనుషుల ముందు ఎన్నడూ నోరు విప్పి ఎరగదు.

ఆచార్యుల గుర్రం ఇసుక తిన్నెల దగ్గరే చతికిలబడింది. మిగతా దారి పోలన పరిగెత్తాడు. ఉప్పుమళ్ళు చేరేసరికి పగటి మూడో జాము. మైళ్ళ పొడవున తెల్లని గళ్ళు, గళ్ళ మధ్య ఆకాశం ముక్కలు, గట్ల మీద ఏనుగు పిల్లల్లాంటి ఉప్పు కుప్పలు. వానలు వస్తాయని పైడి ఒంటరిగా కుప్పల మీద తాటాకు కప్పుతోంది. బావను చూసి నిచ్చెన దిగలేదు.

ఆమె ఏమీ అనకముందే ఆకాశం చప్పుడు చేసింది. ధూమ్రకేశుడికి చిట్టిగిన్నె సంగతి తెలియకపోలేదు. ఇనుప ముక్కుల కొంగలు వందకు పైగా బారులు తీరి దిగుతున్నాయి. ఒక కొంగ ముక్కు దూసుకొచ్చి నిచ్చెన మెట్టును రెండుగా చీల్చింది. పోలన పైడిని గభాలున లాగి తాటాకు కిందికి, ఉప్పు కుప్ప లోపలికి దూరాడు. టక టక టక మని ముక్కులు కుప్పలో దిగబడ్డాయి. పైడి చేతికందిన కావడి తొట్టిలో ఉప్పునీళ్ళు ఉన్నాయి. ఆకు సందులోంచి కుప్ప మీద కుమ్మరించింది. తడిసిన ఉప్పు ముక్కుల చుట్టూ గట్టిగా కరుచుకుపోయింది. కొంగలు రెక్కలు కొట్టుకున్నాయి గాని ముక్కులు ఊడి రాలేదు. ఇద్దరూ అవతలి వైపు నుంచి పాకి, దోనె ఎక్కి కాలువలో పడ్డారు.

దోనె రెల్లుపొదల్లోకి వెళ్ళాక పైడి అతని వైపు తిరిగింది.

"మా నాన్న కోసం సూర్యుణ్ణి పొగిడావంట కదా బావా. వచ్చి విడిపించాడా సూర్యుడు?"

పోలన తెడ్డు గట్టిగా వేశాడు. తిట్టినా బాగుండేది. ఆమె తిట్టలేదు.

సంగతంతా చెప్పి, సభలో నువ్వు మాట్లాడాలి అన్నాడు. ఆమె దోనె లోంచి దూకి పారిపోతుందేమో అనుకున్నాడు. దూకలేదు గాని మొహం పాలిపోయింది. రెండు రోజులు రెల్లుపొదల్లో దాగి అతను ఆమెకు ప్రసంగం కట్టి నేర్పాడు. ఎంత బుద్ధి వచ్చినా అలవాటు పోదు. చిన్నదే అంటూ నాలుగు వాక్యాల స్తుతి పెట్టాడు. పైడి మొదటి వాక్యం చెబితే రెండోది మరిచిపోయేది, రెండోది అందుకుంటే మొదటిది జారిపోయేది. మూడో రోజున ఆమె నీళ్ళలోకి రాయి విసిరి, ఇది నా వల్ల కాదు, ఇదేదో నీ కోసం రాసుకున్నట్టుంది అంది.

ఆ మాట పోలనకు సూటిగా తగిలింది. తాటాకు మీద గంటంతో గీసిందంతా నీళ్ళలో పారేశాడు.

"సరే. రాజుగారు ఇదిగో, నా చోట కూర్చున్నాడనుకో. వెళ్ళేలోగా ఒక్క మాట చెప్పమన్నాడు. ఏం చెబుతావు?"

"ఆ కర్ర విరగ్గొట్టి చూడండయ్యా అని చెబుతాను."

"మీ నాన్న?"

"మా నాన్న ఏ తప్పూ చేయలేదని."

"ఏది ముందు?"

పైడి ఆలోచించింది. "నాన్న ముందు."

"అంతే. ఇంకేమీ కలపకు."

మిగిలిన రోజులన్నీ ఆ రెండు మాటలే. వాదశిలకూ సింహాసనానికీ మధ్య నలభై అడుగులు. అంత దూరంలో గట్టు మీద పోలన కూర్చునేవాడు. ఆమె నడుంలోతు నీళ్ళలో నిలబడి చెప్పాలి. వినబడకపోతే అతను చేయి చెవి దగ్గర పెట్టేవాడు. నేల చూస్తూ చెబితే మళ్ళీ. పరుగులాగా చెబితే మళ్ళీ. మంచినీటి కాలువ వెతుక్కొని, అక్కడి నీళ్ళలోనే చిల్లు చిప్ప వదిలి కొలిచాడు. తనకు ఇలా ఎవరూ నేర్పలేదా అంటే, నేర్పారు. తనే వినలేదు. ఒకసారి పైడి గొంతు గట్టు దాటి, అవతల గొర్రెల కాపరి తిరిగి చూశాడు. ఏమ్మా, ఎవరు తప్పు చేయలేదు అని కేకేశాడు. ఆ పూట ఇద్దరూ మొదటిసారి నవ్వారు.

తొమ్మిదో నాటి పొద్దున తామ్రకోట మీద మబ్బు కమ్మింది. ధూమ్రకేశుడు గుర్తుపట్టకుండా పోలన కొబ్బరి పీచు గడ్డం అతికించుకొని, సభ గంగాళానికి నీళ్ళు మోసే కావడివాడి వేషం వేశాడు. బావి దగ్గర ఒక దుర్బుద్ధి పుట్టింది. కుండల్లో నాలుగు దోసిళ్ళ ఉప్పు కలిపితే చిట్టిగిన్నె ఇంకో నాలుగు ఊపిరులు తేలుతుంది. పైడి అతని చేతి మూట చూసి పట్టేసింది.

"వద్దు బావా. నీళ్ళలో ఉప్పు కలిపాడనే కదా మా నాన్న మీద నేరం."

మూట అక్కడే పారేశాడు. మంచిదే అయింది. కోట వాకిట భటుడు కుండలో లోటా ముంచి గటగటా తాగి మూతి తుడుచుకున్నాడు. "నీళ్ళు మోసేవాడివి, చేతులు చూస్తే పూజారి చేతుల్లా ఉన్నాయేంట్రా?" అన్నాడు. కొత్తగా చేరానండి అని పోలన తల వంచుకొని లోపలికి నడిచాడు. ముంగిట్లో ఉప్పుబొమ్మ పక్కనుంచే దారి. సగం ఎత్తిన ఆ చేయి వైపు చూడకుండా దాటాడు.

పైడి చిట్టిగిన్నె కోరి వాదశిల ఎక్కింది. కాళ్ళకు మళ్ళ బురద ఇంకా ఉంది. సామంతుల కొడుకులు గుసగుసలాడుకున్నారు. ధూమ్రకేశుడు అరమూసిన కళ్ళతో నవ్వాడు. పోలన గంగాళం నింపి పక్కకు తప్పుకున్నాడు. చిట్టిగిన్నె నీళ్ళను తాకింది.

పైడి నోరు తెరిచింది. మాట రాలేదు. ఒక ఊపిరి, రెండు, ఆరు. పైన కెంపుల వైపు చూసింది, సింహాల వైపు చూసింది. పోలన గొంతు ఆ సభలో వినబడకూడదు. అతను నెమ్మదిగా చేయి ఎత్తి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

పైడి రాజు కళ్ళలోకి చూసింది.

"అయ్యా, మా నాన్న ఏ తప్పూ చేయలేదు. ఏటికి ఉప్పు పట్టించింది ఆ కర్రలో దాచిన శంఖం. కర్ర విరగ్గొట్టి చూడండి. లేకపోతే నన్నూ మా నాన్న పక్కన నిలబెట్టండి."

అంతటితో ఆగింది. గిన్నె ఇంకా తేలుతూనే ఉంది. ఆమె మరో మాట కలపలేదు, కళ్ళు దించలేదు. మిగిలిన కాసేపూ ఆ మౌనంలో నూట ఎనిమిది సింహాలూ వింటున్నట్టే ఉంది. జేగంట మోగినప్పుడు ఉలిక్కిపడనివాళ్ళు లేరు.

మహారాజు చేయి చాచాడు. "మాంత్రికా, ఆ కర్ర ఇటివ్వండి."

"ఏలినవారి ఆజ్ఞ" అంటూ ధూమ్రకేశుడు రెండడుగులు వేసి, కర్రను నేలకేసి కొట్టాడు. సభ నిండా నల్లని పొగ. పొగలోంచి ఇంటి కప్పంత రాబందు కర్రను కాళ్ళతో పట్టుకొని లేచింది. స్తంభాలు రెండు కూలాయి. పాలరాతి బంతులు సామంతుల కొడుకుల మీదికి దొర్లాయి. పోలన కావడి విసిరేసి, గంగాళం అంచు మీద కాలుపెట్టి ఎగిరి, కర్ర కొస పట్టుకున్నాడు. పీచు గడ్డం ఊడి కిందపడింది. రాబందు కిటికీ బద్దలుకొట్టుకొని బయటి ఆకాశంలోకి దూసుకుపోయింది.

చేతులు జారుతున్నాయి. రాబందు ముక్కుతో అతని భుజం చీల్చింది. అయినా పోలన రెండో చేయి పిడి దాకా పాకించి, దాన్ని విప్పాడు. శంఖం ఉన్న గూడు అక్కడే. వేలికి దాని చల్లదనం తగిలింది.

అప్పుడే అతని చెంప మీద ఒక చినుకు పడింది.

కిందికి చూశాడు. కోట ముంగిలి అరచేయంత కనిపిస్తోంది. మధ్యలో తెల్లని చుక్క, దాని వైపు పరిగెడుతున్న పైడి. ఆమె కొంగు విప్పి తండ్రి తల మీద పట్టింది. వెనకే జనం వచ్చారు. తలపాగాలు, ఉత్తరీయాలు, తోటి శిష్యుల పట్టు శాలువలు, చివరికి మహారాజు శ్వేతచ్ఛత్రం. ఉప్పుమళ్ళ మనిషి మీద ఇంతమంది గుడ్డ కప్పడం పోలన ఎన్నడూ చూడలేదు. వీళ్ళందరినీ కదిలించడానికి పట్టింది పాతిక ఊపిరులు కూడా కాదు. ఆ రోజు తన దగ్గర గడియంత కాలం ఉంది.

చినుకులు ముదిరాయి. గుడ్డలు తడిసి బరువెక్కాయి. జనం కాళ్ళ సందుల్లోంచి ఒక సన్నని తెల్లని ధార బయటికి వచ్చి రాతి పలకల మీద పాకడం అంత ఎత్తు నుంచీ కనిపించింది.

రాబందు సముద్రం వైపు తిరిగింది. కింద ఇంకా కోట రాళ్ళే ఉన్నాయి, వాటి మీద పడితే శంఖం పగులుతుంది. పోలన పళ్ళు బిగించి, ఏ చేత్తో ప్రాణం పట్టుకొని వేలాడుతున్నాడో ఆ చేతిని వదిలి, రెండు చేతులా శంఖాన్ని పట్టుకున్నాడు.